నిద్రపోయే యంత్రాలను చూడ్డానికి పీణ్య వెళ్లాను

బెంగుళూరు వెళ్లొచ్చినవాళ్లు ముందు ట్రాఫిక్ గురించి చెబుతారు, తర్వాత చల్లగాలి గురించి చెబుతారు. ఆ రెండూ మీరు వాళ్ల దగ్గరే వినండి. నేను వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు, ఒక ఫోటో దిగడానికి.

కాస్త వెనక నుంచి చెప్పాలి. నేను కృష్ణ ఒడ్డున ఒక విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెబుతాను. కొత్త యంత్రాలనీ కొత్త పద్ధతులనీ జనం ఎందుకు అందుకుంటారు, ఎందుకు అందుకోరు అన్నది నా పరిశోధన. పడవలవాళ్లు సెల్‌ఫోన్లు ఎందుకు కొన్నారో రాశాను. రైతులు బిందుసేద్యం పైపులు ఎందుకు పీకేశారో రాశాను. ఇంట్లో కరెంటు బిల్లు ఫోన్లో కట్టడం మాత్రం నాకు రాదు, మా ఆవిడ కడుతుంది. ఇలా నావి పది పత్రాలు అచ్చయ్యాయి. ప్రొఫెసరు కావాలంటే సరిగ్గా పదే కావాలి. యాభై రెండేళ్లకు ఇంకా ప్రొఫెసరు కాని మనిషికి పది అనే అంకె ఎంత అందంగా కనిపిస్తుందో మీకు తెలియదు.

అంతా కుదిరిందనుకుంటుండగా కొత్త నిబంధన వచ్చిపడింది. క్షేత్రానికి వెళ్లి రాశామని చెప్పుకున్న పత్రానికి, పరిశోధకుడు ఆ క్షేత్రంలో నిలబడ్డ ఫోటో జతచేయాలట. ఫోటో మీద స్థలం, తేదీ, టైము పడి ఉండాలట. నా పదింటిలో పేరు తెచ్చింది బెంగుళూరు శివారు పీణ్యలోని చిన్న ఫ్యాక్టరీల మీద రాసిన పత్రం. అందులో పీణ్య ఉంది, నేనే లేను. ఆ ఏడు సెలవుల్లో ఇద్దరు విద్యార్థులు బెంగుళూరు వెళ్తుంటే ఫారాలు వాళ్ల చేతిలో పెట్టి పంపాను. బుద్ధిమంతులు, ఒక్క రోజులో ఒక సందంతా తిరిగి నింపుకొచ్చారు. వాటితోపాటు ఒక సంచీడు బొరుగులు తెచ్చారు, "ప్రతి ఫ్యాక్టరీలోనూ పెట్టారు సార్" అని. ఆ బొరుగుల్లో ఉల్లిపాయా పచ్చిమిరపకాయా కలుపుకుని తింటూ నేను ఫారాలు చదివాను.

ఒక ప్రశ్న: 'మీరు వెళ్లినప్పుడు కంప్యూటర్‌తో పనిచేసే యంత్రం నడుస్తోందా?' అన్ని ఫారాల్లోనూ 'లేదు'. పక్కన గడిలో 'యంత్రానికి పసుపు కుంకుమ పెట్టి ఉంది' అని రాశారు. నా ఒళ్లు పులకరించింది. లక్షలు పోసి కొన్న యంత్రాన్ని నడపకుండా దేవుణ్ణి చేసి కూర్చోబెట్టారన్నమాట! దానికి 'నిద్రాణ యంత్ర సిద్ధాంతం' అని పేరు పెట్టాను. ఇంగ్లీషులో ఇంకా గంభీరంగా ఉంటుంది. మావాళ్లు శాలువా కప్పారు.

ఈ శ్రావణంలో బెంగుళూరులో నవకల్పనల మీద మూడు రోజుల సదస్సు పెట్టి, ఆ సిద్ధాంతం గురించే మాట్లాడమని పిలిచారు. వెళ్లేదెలాగూ వెళ్తున్నాం, ఫోటో కూడా దిగుదామనుకున్నాను.

కాటన్‌పేట

సదస్సు వాళ్లు చూపించిన గది అద్దె వినగానే కళ్లు తిరిగాయి. నా పాత సహాధ్యాయి పుట్టిల్లు కాటన్‌పేటలో ఉంటే అక్కడ దిగాను. నాలుగు తరాల కింద హిందూపురం వైపు నుంచి వచ్చి ఊదుబత్తుల టోకు వ్యాపారంలో స్థిరపడ్డ కుటుంబం. ఇంటి పెద్ద సరోజమ్మగారు, ఆమెకు డెబ్భై దాటాయి. మెట్ల మీదా మంచం కిందా ఊదుబత్తుల కట్టలే. మూడు రోజులు నా చొక్కాలు గంధం వాసన కొట్టాయి.

పొద్దున్నే ఉప్మా, కేసరి ఒకే పళ్లెంలో పెట్టి ఇచ్చారు. దాన్ని ఇక్కడ చౌచౌబాత్ అంటారు. మా వైపు కారం తిని నాలుక మండాకే తీపి అడుగుతాం, వీళ్లు రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టి రాజీ చేస్తారు. సాంబారులో బెల్లం వేయడం ఒక్కటే నేను క్షమించలేకపోయాను.

"ఏమి పని చేస్తావు నాయనా?" అని అడిగారు సరోజమ్మగారు.

"పరిశోధన అండీ. పత్రాలు రాస్తాను."

"ఎవురు చదువుతారు వాటిని?"

ఇలాంటి ప్రశ్న నన్ను ముప్పై ఏళ్లలో ఎవరూ అడగలేదు. "అచ్చువేసే ముందు ఇద్దరు చదువుతారండీ" అన్నాను నిజాయితీగా.

"అచ్చేసినంక?"

నేను కేసరి తినడంలో మునిగిపోయాను.

వీధిలోకి దిగి మల్లెపూలు కొనబోయాను, ఇంటావిడకి ఇద్దామని. మూర నలభై. రెండొందల నోటు తీశాను. పూలామె నోటునీ నన్నూ చూసి, "చిల్లర యాడ తెచ్చేది? ఫోన్ లేదా అప్పా నీకాడ?" అంది, బుట్టకి తగిలించిన, ఫోన్లో డబ్బు కట్టే గళ్లబొమ్మ అట్టని చూపిస్తూ. ఆ గళ్లబొమ్మ మీద నేను ముప్పై పుటలు రాశాను. ఫోన్ చూపించి డబ్బు కట్టడం రాదని మాత్రం అక్కడ చెప్పలేకపోయాను. వెనకే వచ్చిన సరోజమ్మగారు తన ఫోన్ టక్కున చూపించి కట్టేశారు. తనకివ్వాల్సిన పూలు తనే కొనుక్కుని తల్లో పెట్టుకున్నారు.

"పీణ్యలో ఏదైనా ఫ్యాక్టరీ చూడాలండీ" అన్నాను మాట మారుస్తూ.

"దానికేమి, మా తమ్ముడు నారాయణప్ప ఉండాడు ఆడ. రేపు పో, నేను చెప్తా" అన్నారు.

కాగితం లేని సదస్సు

సదస్సు జరిగిన హోటల్లో ద్వారానికి పెద్ద బ్యానరు: 'కాగితరహిత భవిష్యత్తు'. దాని కింద బల్ల దగ్గర నా చేతికి ఫారం ఇచ్చారు, మూడు ప్రతులు నింపమన్నారు. రెండు పాస్‌పోర్టు ఫోటోలు, రుసుముకి చెక్కు.

"ఫోన్లో కట్టొచ్చా?" అని అడిగాను, పూలామె ఇచ్చిన పౌరుషంతో. వచ్చని కాదు, ఊరికే.

"నో సర్, సిస్టమ్‌లో ఆప్షన్ లేదు. చెక్ ఆర్ డీడీ" అంది బల్ల వెనకున్న అమ్మాయి. విజయవాడ అమ్మాయేనట, తెలుగు అప్పుడప్పుడు తగులుతోంది.

మొదటి రోజు ప్రారంభోపన్యాసం 'రైతు టెక్నాలజీకి ఎందుకు భయపడతాడు'. ప్రొజెక్టరు పనిచేయక నలభై నిమిషాలు ఆలస్యమైంది. ముగ్గురు ఆచార్యులు చుట్టూ చేరి తలో వైరూ పీకారు. చివరికి టీలు అందిస్తున్న మనిషి ట్రే పక్కన పెట్టి, ఏదో మీట నొక్కి, మళ్లీ ట్రే అందుకున్నాడు. కాఫీ మూడొందల యాభై. కాటన్‌పేట మూలమీద, దర్శిని అని పిలిచే నిలబడి తినే హోటల్లో ఇరవైకి ఇచ్చిన కాఫీకీ దీనికీ తేడా ఏమిటంటే, ఇది చల్లగా ఉంది. మూడొందల యాభై ఇచ్చినవాడు వేడిగా లేదని చెప్పుకోలేడు, నేనూ చెప్పుకోలేదు.

పీణ్య

రెండో రోజు సభ ఎగ్గొట్టి పీణ్య వెళ్లాను. ఆటో అతను ముందర మూడు ఫోన్లు బిగించుకున్నాడు, మూడింటిలోనూ మూడు ధరలు. ఏది తీసుకుంటావంటే "మీరు ఆ మూడూ చూడొద్దు సార్, నేను చెప్పేది వినండి" అని నాలుగోది చెప్పాడు. టెక్నాలజీని ఇంత బాగా అందుకున్న మనిషిని నేను చూడలేదు.

పీణ్యలో గాలే ఇనుము వాసన. రోడ్డుకి అటూ ఇటూ రేకుల షెడ్లు, ప్రతి షెడ్డులోంచీ ఒక్కో రకం గీ అనే చప్పుడు. ఇంత చప్పుడేమిటి, నా యంత్రాలు నిద్రపోవాలి కదా అని మనసులో ఒక మూల అనిపించింది. అనిపించినదాన్ని పట్టించుకునే అలవాటు లేక ముందుకు నడిచాను.

నారాయణప్పకి అరవై ఉంటాయి. పొట్టిచేతుల చొక్కా, చెవిలో పెన్సిలు. ఆయన కూతురు రత్నమ్మే పెద్ద కంప్యూటర్ లేతు యంత్రం నడుపుతోంది. చీర మీద ఖాకీ చొక్కా వేసుకుని, అద్దం తలుపు వెనక తిరుగుతున్న ఇనుపకడ్డీని కన్నార్పకుండా చూస్తోంది. వేడెక్కకుండా పోసే తెల్లటి కూలెంటు నీళ్లు ధారగా పడుతున్నాయి, ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది.

"రాండి సార్, అక్క చెప్పింది. ఊట చేసి పోవల్ల మీరు" అన్నాడు. ఊటంటే ఇక్కడ భోజనం.

"ఈ మిషన్ రోజూ నడుస్తుందా?" అన్నాను.

"నడవక? ఇది ఆగితే మా కడుపు ఆగుతాది. రెండు షిఫ్టులు సార్. ఏడాదికి ఒగ పొద్దే ఆపేది."

"ఎప్పుడు?"

"ఆయుధపూజ పొద్దు" అంది రత్నమ్మ, తలుపు మీదనుంచి చూపు తిప్పకుండానే. "ఆ పొద్దు దాన్ని ముట్టకూడదు గదా సార్. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, అరటి పిలకలు కట్టి పండుకోబెడతాము. సందులో గుమ్మడికాయ కొట్టి, వచ్చినోల్లకంతా కడ్లెపురి పంచుతాము. మీ పక్క బొరుగులంటారే, అవి."

బొరుగులు! ఫారాలు చదువుతూ నేను నమిలినవి.

మా వైపు ఆయుధపూజ లేదనుకునేరు. ఉంది. స్కూటరుకి బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, ఆ స్కూటరు మీదే సినిమాకి వెళ్తాం. మాకు పూజంటే బండి బయల్దేరడం. వీళ్లకు పూజంటే బండికి సెలవు. విద్యార్థులకు ఎప్పుడు తీరిక? దసరా సెలవుల్లో. ఫ్యాక్టరీ ఓనర్లందరూ ఒకేచోట తీరిగ్గా, నవ్వుతూ దొరికేదెప్పుడు? అదే రోజు. ఒక్క రోజులో సందంతా ఎలా తిరిగారా అని మెచ్చుకున్నానే, అదీ సంగతి! ఫారం మీద తేదీ గడి ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు, తేదీతో మనకేం పనిలే అని నేనే తీసేయించాను.

"ఒగ ఏడు ఇద్దరు పిల్లోల్లు వచ్చినారు సార్, మీ పక్కోల్లే" అన్నాడు నారాయణప్ప సంతోషంగా. "ఏందో అడిగి రాసుకున్నారు. పండగ పూట వచ్చినారు గదా అని సంచి నిండా కట్టిచ్చినాం."

ఆ సంచి ఖాళీ చేసినవాణ్ణి నేనేనని చెప్పలేదు.

ఒక్క వాక్యం

రాగిముద్ద, సారు అని ఇక్కడ పిలిచే ఆకుకూర పులుసు పెట్టారు. ముద్దని నమలకూడదు, మింగాలట. నేను నమిలాను. రత్నమ్మ నవ్వు ఆపుకుంది. నాకూ నవ్వొచ్చింది, అంతలోనే చచ్చిపోయింది, ఎందుకంటే నారాయణప్ప ప్లాస్టిక్ కవరులోంచి ఒక ఉత్తరం తీశాడు.

"మీరు ఇంగ్లీషు బాగా వచ్చినోరు. ఇది రవ్వంత చెప్పండి సార్."

సంగతి ఇది. ఈ సందులో వాళ్లంతా కలిసి ఉమ్మడిగా ఒక కొలత యంత్రం కావాలని రెండేళ్ల కింద సర్కారు కమిటీకి అర్జీ పెట్టుకున్నారు. చేసిన ప్రతి పీసూ వెంట్రుకంత తేడా లేకుండా ఉందని ఆ యంత్రం కొలిచి కాగితం ఇస్తుంది. ఇప్పుడు పీసులు కొలిపించడానికి ఊరికి ఆ చివర అత్తిబెలె దాకా పంపుతున్నారు, పోను ఒక రోజు, రాను ఒక రోజు. పెద్ద కంపెనీ ఒకటి పనిస్తానంది, కొలత కాగితం అదే రోజు ఇవ్వగలిగితేనే. కమిటీ అర్జీని తిప్పికొట్టింది. ఈ నెలాఖరులోపల కొత్త ఆధారాలు చూపిస్తే మళ్లీ చూస్తామంది.

తిప్పికొట్టడానికి కారణం మధ్యలో ఒక వాక్యంగా ఉంది. నల్ల సిరాతో ఎవరో కింద గీత గీశారు. ఆ వాక్యం నాది. నాకు శాలువా తెచ్చింది అదే. 'ఇక్కడ యంత్రం ఉత్పత్తి సాధనం కాదు, ఆరాధ్య వస్తువు' అని దాని అర్థం.

"ఏమంటాది సార్ అది? మా పక్క షెడ్డు లాయరు కొడుకుని అడిగినా. వానికీ తెలీలేదు."

ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నోరు నాది. నా సొంత వాక్యాన్ని నా సొంత భాషలోకి చెప్పలేకపోయింది. "కష్టమైన ఇంగ్లీషండీ" అన్నాను. సిగ్గులేని ముండాకొడుకుని, అంతే అన్నాను. ఫోటో అడిగాను. రత్నమ్మ నా ఫోన్ తీసుకుని, స్థలం, తేదీ, టైము పడేలా తనే ఏదో మార్చి, మిషన్ ముందు నిలబెట్టి తీసింది. వాళ్లు గేటు దాకా వచ్చి సాగనంపారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

పదిహేను నిమిషాలు

మూడో రోజు నా వంతు. పెద్ద తెర మీద 'నిద్రాణ యంత్రం' అనే శీర్షిక, దాని కింద కొత్తగా చేర్చిన నా ఫోటో. ఏం చెప్పాలో తేల్చుకోకుండానే వేదికెక్కాను. తేల్చుకోలేదన్నది అబద్ధం. పాతదే చదివేసి దిగిపోదామని తేల్చుకున్నాను. ప్రొఫెసరు పదవికీ నాకూ మధ్య పదిహేను నిమిషాలున్నాయి.

సగం చదివాక వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. ఏదో కార్ఖానాలో పనిచేసి రిటైరైన మనిషిలా ఉన్నాడు.

"మీ వెనకాల అద్దం మీద నీళ్లు కారుతున్నాయే సార్. నిద్రలో ఆ మిషన్‌కి చెమట పట్టిందా?"

సభ గొల్లుమంది. 'ఇదొక మినహాయింపు' అనాలి. మా శాస్త్రంలో ఆ మాట ఎంత నేరాన్నైనా కడిగేస్తుంది. నోటిదాకా వచ్చింది కూడా. రాగిముద్ద నమిలితే నవ్వు ఆపుకున్న ఆ పిల్ల గుర్తొచ్చింది.

"లేదండీ. ఆ యంత్రం రోజూ నడుస్తుంది. మావాళ్లు వెళ్లింది ఆయుధపూజ రోజు. ఈ పత్రం తప్పు" అన్నాను.

బెంగుళూరు వాళ్లు పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. విదేశాల నుంచి వచ్చినవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో తెలియక రాసుకున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన నన్ను పక్కకు లాగి, "మిమ్మల్ని ఎవరడిగారండీ? మీ సిద్ధాంతం మీద నేను రెండు పత్రాలు రాశాను, నా గతేం కాను?" అన్నాడు, కన్నీళ్లొక్కటే తక్కువ. అధ్యక్షుడు మాత్రం నా భుజం తట్టాడు. "అద్భుతం! పండగ రోజు పరిశీలన, దాని పరిమితులు. దీన్ని పదకొండో పత్రంగా రాయండి" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఒక్క క్షణం ఆశ పుట్టిన సంగతి కూడా చెప్పేస్తున్నాను.

మళ్లీ పీణ్య

సభ నుంచి నేరుగా పీణ్య వెళ్లాను. నారాయణప్పని కూర్చోబెట్టి అంతా చెప్పాను: ఫారాలు, దసరా సెలవులు, బొరుగులు, శాలువా, గీత గీసిన వాక్యం ఎవరిది, దాని అర్థమేమిటి.

రత్నమ్మ మిషన్ ఆపేసింది. ఆయుధపూజకి ముందే ఆ యంత్రం ఆగింది, నా వల్ల. నా సిద్ధాంతం ఆ రెండు నిమిషాలు నిజమైంది.

నారాయణప్ప చెవిలో పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఒగ మాట అడిగుంటే చెప్పేవాల్లం గదప్పా. 'ఎందుకు ఆపినారు' అని ఒగే ఒగ మాట." అంతదాకా నేను ఆయనకి సార్‌ని. ఆ క్షణం నుంచి ఉత్త 'అప్పా' అయ్యాను. చెంపదెబ్బే నయమనిపించింది.

"రెండేండ్లు పోయినాయి నాయినా మాకు" అంది రత్నమ్మ, నాతో కాదు, వాళ్ల నాన్నతో. తర్వాత సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టింది. "రాయండి. మీరే రాసిండేది గదా, మీరే కొట్టేయండి."

రాశాను. పత్రం తప్పని, మావాళ్లు వెళ్లింది ఆయుధపూజ రోజని, యంత్రాలు రోజూ నడుస్తాయని, పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నానని. కింద సంతకం, జతగా ఆ ఫోటో. తెలుగులో చదవమంది రత్నమ్మ. ఈసారి కష్టమైన ఇంగ్లీషు కాదు కాబట్టి చదివాను.

"ఇంతేనా? తప్పు రాసేకి అన్ని పేజీలు, ఒప్పు రాసేకి ఒగటేనా?" అంది, మిషన్ మళ్లీ మొదలుపెడుతూ.

ఇంటికొచ్చాక

పత్రాన్ని వెనక్కి తీసుకున్నాక నావి తొమ్మిదయ్యాయి. నా ప్రొఫెసరు దరఖాస్తు ఎంత వేగంగా వెళ్లిందో అంత వేగంగా తిరిగొచ్చింది. "పోన్లెండి, కరెంటు బిల్లు కట్టడం నేర్పిస్తాను, అదొకటి వేసుకుని పది చెయ్యండి" అంది మా ఆవిడ.

నిన్న రత్నమ్మ ఫోన్ చేసింది. కమిటీ నా ఉత్తరం ఒప్పుకుందట. తామే స్వయంగా వచ్చి యంత్రాలు నడుస్తున్నాయో లేదో చూస్తారట. సభ్యులంతా ప్రొఫెసర్లు, వేరే వేరే ఊళ్లవాళ్లు. అందరికీ సెలవు కలిసే రోజు ఒక్కటే దొరికిందట.

ఫోన్ నారాయణప్ప అందుకున్నాడు. "ఆ పొద్దే వస్తారంటప్పా. పూజ చేసేదా, మిషన్ నడిపేదా? నువ్వు సదువుకున్నోడివి, నువ్వే చెప్పు."

తేదీ మార్చమని కమిటీకి రాశాను. వీలుకాదని జవాబొచ్చింది, మూడు ప్రతుల్లో. నారాయణప్పతో పూజ చేయమన్నాను. నాకు టికెట్టు దొరికింది. ఆ రోజు సందు మొదట్లో నిలబడి, వచ్చిన ప్రతి ప్రొఫెసరుకీ అది ఏ రోజో చెప్పి చేతిలో బొరుగులు పెట్టాలి. మర్నాడు విజయదశమి పొద్దున ఆరింటికి రత్నమ్మ మీట నొక్కి మొదటి పీసు తీసేదాకా ఒక్కరినీ ఊరు కదలనివ్వకూడదు. ఈ రెండు పనులూ నాకు అప్పజెప్పింది రత్నమ్మే. ఈ మధ్యకాలంలో నన్ను నమ్మి ఎవరైనా ఒక పని ఇచ్చారంటే ఇదే.